వైటూకే రోజుల్లో ఎక్కిన డ్రాగన్

పాంజర్ డ్రాగూన్ సాగా అని పేరు చెబితే మనవాళ్ళలో చాలామంది "అదేంటి?" అంటారు. అనరూ మరి! 1998 జనవరి 29న జపాన్‌లో, ఇంకొన్ని నెలలకి అమెరికాలో విడుదలైన ఆ ఆట సెగా సాటర్న్ అనే మెషిన్ మీద తప్ప ఇంకెక్కడా రాలేదు. ఆ మెషిన్ అప్పటికే కొనఊపిరితో ఉంది. ఇండియాలో మా ఈడు వాళ్ళకి వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే ఎనిమిది బిట్ల డబ్బా, దాంట్లో గుచ్చే క్యాసెట్టు, అందులో మారియో, కాంట్రా. అంతే. అలాంటి నేను నాలుగు డిస్కుల జపాను ఆటని మొదలుపెట్టి చివరిదాకా చూశానంటే దానికి కారణం కోబాల్.

అవును, పాత కంప్యూటర్ భాష, ఆ కోబాలే. వైటూకే (2000 వస్తే పాత ప్రోగ్రాములు తలకిందులవుతాయన్న భయం) పుణ్యమా అని అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసినవాడికల్లా అమెరికా టికెట్టు దొరుకుతున్న రోజులవి. నేనూ అలాగే వచ్చి న్యూజెర్సీ ఎడిసన్‌లో దిగాను. కన్సల్టింగ్ కంపెనీవాళ్ళు ఇచ్చిన రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటు. తివాచీ మీద వరసగా పరుపులు, వంటింట్లో కుక్కరు కూతలు, ఫోను పక్కన వాడేసిన కాలింగ్ కార్డుల గుట్ట. ప్రాజెక్టు దొరికినవాడు పెట్టె సర్దుకుని ఏ ఒహాయోకో వెళ్ళిపోయేవాడు. దొరకనివాడు బెంచి మీద ఉండేవాడు. ఈలోగా ఇంకొకడు హైదరాబాదు నుంచి ఆవకాయ సీసాతో దిగేవాడు. ఆ రాకపోకల మధ్య కదలకుండా మిగిలింది ముగ్గురం. అందులో ఒకాయన్ని అందరం మాష్టారూ అనేవాళ్ళం. తెనాలి వైపు కాలేజీలో లెక్కలు చెప్పి, నలభై దాటాక కోబాల్ నేర్చుకుని వచ్చిన మనిషి. ఇంకొకడు వరంగల్ కుర్రాడు, అందరిలోకీ చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి.

సాటర్న్ కొన్నది ఆ తమ్ముడే. షాపులో ముందు అరలన్నీ ప్లేస్టేషన్‌వి, నింటెండో 64వి. సాటర్న్ మాత్రం వెనక ఓ మూల, ధర తగ్గించిన ఎర్ర స్టిక్కరుతో. తగ్గించరా! 1997 వేసవిలో అట్లాంటాలో జరిగిన పెద్ద గేముల ప్రదర్శన రోజుల్లోనే సెగా అమెరికా పెద్ద బెర్నీ స్టోలర్ స్వయంగా సాటర్న్ మన భవిష్యత్తు కాదని చెప్పేశాడు. సొంత కంపెనీవాళ్ళే వదిలేసుకున్న సరుకుని షాపువాడు మాత్రం ఎంతకాలం నెత్తిన మోస్తాడు? తమ్ముడికి అదే కలిసొచ్చింది. మెషిన్‌తో పాటు ఒక లావుపాటి పెట్టె కూడా పట్టుకొచ్చాడు. దాంట్లో నాలుగు డిస్కులు. "గివి మళ్ళ రావంటున్నరన్నా షాపోళ్ళు" అన్నాడు. షాపులో అలాగే అంటారులే అనుకున్నాం. ఆ మాట నిజమేనని తర్వాత తేలింది. అమెరికాకి మొదటి విడతలో సుమారు 20,000 కాపీలే వచ్చాయంటారు.

ఆ ఆట నాకెందుకంత పట్టిందో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. ఒక ఇన్సూరెన్సు కంపెనీ పాత ప్రోగ్రాములు మా చేతికిచ్చారు. కొన్ని డెబ్బైల్లో రాసినవి. సంవత్సరానికి రెండే అంకెలు: 1975 అంటే 75. 2000 వస్తే అది 00 అవుతుంది, మెషిన్ దాన్ని 1900 అనుకుంటుంది, పాలసీ లెక్కలన్నీ తలకిందులు. రెండంకెల్ని నాలుగు చేయడమో, లేకపోతే 50 కన్నా తక్కువ ఉంటే 2000ల్లోది, ఎక్కువుంటే 1900ల్లోది అని ప్రోగ్రాముకి నచ్చజెప్పడమో మా పని. వినడానికి తేలికే. కానీ రాసినవాళ్ళు లేరు. కొందరు రిటైరయ్యారు, మిగతావాళ్ళ పేర్ల మొదటి అక్షరాలే కామెంట్లలో మిగిలాయి. ఒక్కోసారి ఇంకా ఘోరం. లోడ్ లైబ్రరీలో ప్రోగ్రాము మెషిన్ నడిపే రూపంలో, అంటే లోడ్ మాడ్యూల్‌గా, ఉంటుంది, రోజూ రాత్రి బుద్ధిగా నడుస్తుంది, దాని సోర్స్, అంటే మనిషి రాసిన అసలు కోడ్, మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఏం చేస్తోందో తెలియదు, ఆపితే ఏమవుతుందో తెలియదు. మొక్కి పక్కకి తప్పుకోవడమే.

పగలంతా ఆ పచ్చ తెర ముందు కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చి అన్నంలో పప్పు కలుపుకుంటూ టీవీ ముందు కూలబడితే, అక్కడ ఎడ్జ్ అనే కుర్రాడు ఒక తవ్వకానికి కాపలా కాస్తున్నాడు.

ఆట లోకం అది. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట ఒక నాగరికత ఉండేది. వాళ్ళు ఆకాశమంత గోపురాలు కట్టారు, ప్రాణమున్న ఆయుధాల్ని తయారుచేశారు, తర్వాత ఏమయ్యారో లేరు. వాళ్ళు వదిలేసిన జంతుయంత్రాలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, ఎవరో అప్పజెప్పిన పని ఇంకా చేస్తూనే ఉన్నాయి. మిగిలిన మనుషులు వాటికి భయపడి బతుకుతుంటారు. సామ్రాజ్యం వాళ్ళేమో శిథిలాలు తవ్వి, దొరికిన యంత్రాల్ని ఎలా పనిచేస్తాయో తెలియకుండానే తమ ఓడలకి బిగించుకుని పక్కవాళ్ళ మీదికి పోతుంటారు. మాష్టారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి తెరవైపు చూశారు.

"అబ్బాయ్, వీళ్ళదీ మెయింటెనెన్స్ ప్రాజెక్టేనటయ్యా!"

నవ్వాం గానీ, ఆ మాట నాలో ఉండిపోయింది. మిగతా ఆటంతా నేను ఆ మాట పట్టుకునే ఆడాను.

కథ ఎలా కదులుతుందంటే, తవ్వకంలో ఒక గోడలో కూరుకుపోయి ఒక అమ్మాయి కనిపిస్తుంది. పేరు అజెల్. జపాన్‌లో ఈ ఆటకి పెట్టిన పేరు కూడా ఆమెదే. అంతలో క్రేమెన్ అనేవాడు, సామ్రాజ్యం మీద తిరగబడ్డ సేనాని, నల్ల ఓడలతో వచ్చిపడి కాపలావాళ్ళందర్నీ చంపించి ఆ అమ్మాయిని తీసుకుపోతాడు. ఎడ్జ్‌ని కాల్చేస్తారు. గోతిలోంచి ఎక్కడో కింద నీళ్ళలో పడతాడు. లేచేసరికి బతికే ఉంటాడు. (ఈ "బతికే" అన్న మాట దగ్గర మా ఇంట్లో పెద్ద గొడవ ఉంది, తర్వాత చెబుతాను.) చుట్టూ పాతాళంలాంటి శిథిలాలు, మీదికొస్తున్న ఒక పురుగు, అప్పుడు ఒక డ్రాగన్ వచ్చి కాపాడుతుంది. అక్కణ్ణుంచి ఆ ఇద్దరే. నలుగురైదుగురు స్నేహితులు పోగై గుంపుగా తిరగడం లాంటిదేం లేదు. అప్పట్లో ఆర్‌పీజీ, అంటే ఒక పాత్రలో దూరి పెద్ద కథ నడిపే ఆట, అనగానే అందరికీ 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 కొలబద్ద. అందులో మంది ఎక్కువ, ఊళ్ళు ఎక్కువ, గంటలు ఎక్కువ. ఇందులో ఒక మనిషి, ఒక డ్రాగన్, ఇరవై గంటల్లోపు కథ. చిన్నదని కొందరు తిట్టారు. నాకు మాత్రం ఆ చిన్నదనమే కావలసొచ్చింది. పొద్దున్నే లేచి ఉద్యోగానికి పోయేవాళ్ళం.

ఇంకో సంగతి. మాటలన్నీ జపాను భాషలోనే ఉంచి కింద ఇంగ్లీషు అక్షరాలు వేశారు. అమెరికా కుర్రాళ్ళకి అది ఇబ్బందేమో గానీ మాకేం? దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం బెంగాలీ సినిమా, మలయాళం సినిమా కింద అక్షరాలు చదువుకుంటూ చూసి పెరిగినవాళ్ళం. పైగా ఆ రోజుల్లో ఒక ఆర్‌పీజీలో దాదాపు ప్రతి పాత్రకీ గొంతు ఉండటమే వింత. ఊళ్ళో చెత్త ఊడ్చేవాడు కూడా నోరు విప్పి మాట్లాడతాడు. అందుకే అన్ని డిస్కులు పట్టాయి.

యుద్ధం గురించి చెప్పకుండా ఈ ఆట గురించి చెప్పినట్టే కాదు. మామూలుగా ఇలాంటి ఆటల్లో మనవాళ్ళు ఒక పక్క, శత్రువులు ఒక పక్క వరసగా నిలబడి వంతులవారీగా కొట్టుకుంటారు. ఇక్కడ డ్రాగన్ గాల్లో ఎగురుతూనే ఉంటుంది, శత్రువూ ఎగురుతూనే ఉంటాడు. మనం అతని చుట్టూ తిరగాలి: ముందు, వెనక, కుడి, ఎడమ. తెర మూల చిన్న రాడార్. అందులో ఎర్రగా ఉన్న వైపు ఉంటే దెబ్బ తప్పదు, పచ్చగా ఉన్న వైపు ఉంటే మనకి ఏమీ కాదు. ఇంతే అయితే ఎప్పుడూ పచ్చవైపు దాక్కోవచ్చు. కానీ చాలామందికి ఆయువుపట్టు ఎర్రవైపే ఉంటుంది. కొట్టాలంటే ప్రమాదంలోకి వెళ్ళాలి.

అదీగాక మూడు గేజీలు. వాటంతటవే నిండుతుంటాయి. ఒకటి నిండితే తుపాకీ పేల్చొచ్చు, లేదా డ్రాగన్ లేజర్ వదలొచ్చు. తుపాకీ ఒక్కచోటే గట్టిగా తగులుతుంది, లేజర్ కనిపించినవాళ్ళందరికీ పంచుకుంటూ పోతుంది. రెండు మూడు గేజీలు కలిపి ఖర్చు పెడితే బెర్సర్క్ అనే పెద్ద దెబ్బలు. తమాషా ఏంటంటే, చుట్టూ తిరుగుతున్నంతసేపూ గేజీలు నిండటం ఆగిపోతుంది. అంటే చోటు మారడానికి కూడా కాలం రూపంలో ధర కట్టాలి. నిలబడి గేజీ నింపుకోవాలా, తప్పించుకోవాలా, ఎదురెళ్ళాలా? నేను సాధారణంగా ఆలోచిస్తూ ఉండగానే దెబ్బ తినేవాణ్ణి.

"ఆగన్నా, లేజర్ ఇడువకు, తుపాకీతోని కొట్టు! ఎనకకి పో, ఎనకకి! పచ్చగైంది సూడు!" అని తమ్ముడు పరుపు మీంచి అరిచేవాడు. వాడికి చూపు చురుకు. కంట్రోలర్ వాడి చేతిలో ఉంటే యుద్ధం పాటలా సాగిపోయేది. ఒక్కో యుద్ధం అయ్యాక ఎంత బాగా చేశావో ఆట మార్కులేసేది. తమ్ముడికి ఎప్పుడూ పై మార్కే. మాష్టారు కంట్రోలర్ ఎప్పుడూ ముట్టుకోలేదు, కానీ ఒక రోజు చాలాసేపు చూసి, "ఇది యుద్ధం కాదయ్యా, ప్రదక్షిణం. మూలవిరాట్టు కరుస్తాడు, అదొక్కటే తేడా" అన్నారు. ఈ ఆట యుద్ధపద్ధతి గురించి తర్వాత ఎన్నో విశ్లేషణలు చదివాను. దీన్ని మించింది కనబడలేదు.

డ్రాగన్ సంగతికొస్తే, దాని స్వభావాన్ని మనం మార్చొచ్చు. దాడి, రక్షణ, వేగం, ఆత్మశక్తి. ఈ నాలుగింటి మధ్య ఒక గుర్తుని అటూ ఇటూ జరుపుతుంటే, తెర మీద డ్రాగన్ ఒళ్ళు కూడా ఆ మేరకు మారిపోతుంది. వేగం వైపు జరిపితే సన్నబడుతుంది, రక్షణ వైపు జరిపితే పెంకు మందమవుతుంది, కొమ్ములు, రెక్కలు, తోక అన్నీ మెల్లగా కరిగి కొత్త రూపు దిద్దుకుంటాయి. యుద్ధం మధ్యలో కూడా చెయ్యొచ్చు. మాకు అనలాగ్ కంట్రోలర్ ఉండేది, ఆ గుండ్రటి పుల్లని వేలితో కదుపుతుంటే డ్రాగన్ ఒళ్ళు విరుచుకుంటున్నట్టుండేది. 1998లో, అదీ సాటర్న్ మీద! ఆ మెషిన్‌లో హిటాచీవాళ్ళ ఎస్‌హెచ్-2 ప్రాసెసర్లు రెండు, ఒక్కోటి 28.6 మెగాహెర్ట్జ్. రెండింటినీ సరిగ్గా కలిపి పనిచేయించడమే ప్రోగ్రామర్లకి తలనొప్పి. అందరూ త్రికోణాలతో బొమ్మలు గీస్తుంటే సాటర్న్ చతుర్భుజాలతో గీస్తుంది. లెక్కల మాష్టారికి ఈ ముక్క చెబితే ముచ్చటపడి, ఆ రాత్రి తెరకి దగ్గరగా జరిగి డ్రాగన్ రెక్కలో నాలుగు మూలల పలకలు వెతికారు.

నిజం చెప్పాలంటే బొమ్మలు గరుకుగానే ఉంటాయి. దగ్గరికెళితే మొహాలు ముక్కలు ముక్కలు. దూరంలో కొండలు ఉన్నట్టుండి పుట్టుకొస్తాయి. కానీ ఆ గోధుమరంగు, బూడిదరంగు, అస్తమిస్తున్న వెలుగు, ఇసకలో సగం కూరుకుపోయిన యంత్రాలు... అవి చూస్తుంటే గరుకుదనం కూడా ఆ లోకానిదే అనిపించేది. ఈ వరసలో 1995లో వచ్చిన మొదటి ఆటకి జపాను పెట్టె మీద బొమ్మ వేసింది ఫ్రాన్సు చిత్రకారుడు మోబియస్. ఆ గాలి ఈ ఆటదాకా వీచింది.

ఊళ్ళలో డ్రాగన్ దిగి నడవాలి. అక్కడా ఒక చమత్కారం చేశారు. గాల్లో శత్రువుకి ఎలా గురిపెడతామో, ఊళ్ళో మనుషులకీ వస్తువులకీ అలాగే గురిపెట్టి చూడొచ్చు. దగ్గరివి దూరానివి అన్నీ. దూరాన గోడకి ఆనించిన ఒక కుండకి గురిపెడితే, దాన్ని చూసి ఎడ్జ్ ఏదో అనుకుంటాడు. దగ్గరికెళ్ళి అదే కుండ చూస్తే ఇంకోటి అనుకుంటాడు. కథకి దానితో పనేం లేదు. అయినా ఎవరో కూర్చుని ఆ కుండకి రెండు మాటలు రాశారు. గుడారాలేసుకుని తిరిగే సంచారుల బిడారులో మేం గంటలకొద్దీ అలా కుండలూ బట్టలూ చూస్తూ తిరిగాం. జోవా అనే ఊరు ఇంకో రకం. పైకులం, కింద కులం, మధ్యలో పవిత్రస్థలం, అటు అడుగు పెట్టకూడదు అనే కాపలావాళ్ళు. "ఊరంటే ఇదీ. ఏ లోకమైనా ఇంతే" అన్నారు మాష్టారు. ఆ ఊరివాళ్ళు పూజించేది కూడా పాత యంత్రాన్నే. సోర్స్ లేని లోడ్ మాడ్యూల్ ముందు మేం చేసేది ఏముంది, అదే.

సంగీతం సావోరి కొబయాషి, మారికో నంబా చేశారు. రికార్డు చేసి సీడీలో పెట్టిన ఆర్కెస్ట్రా కాదు, చాలామటుకు సాటర్న్‌లో ఉన్న సౌండ్ చిప్పే అప్పటికప్పుడు వాయిస్తుంది. అందుకే ఎడారిలో ఎగురుతున్నప్పుడు వచ్చే ఆ డప్పులు, గొట్టం వాద్యాలు ఏ దేశానివో చెప్పలేం. మాష్టారు దాన్ని చెంచుల పాట అనేవారు, తమ్ముడు కాదు గిది మా సమ్మక్క జాతర డప్పు అనేవాడు. ఇద్దరూ తప్పే, ఇద్దరికీ సొంతమనిపించడం మాత్రం నిజం. ఆటలో ప్రాచీనుల భాష కూడా ఒకటి సృష్టించారు, గ్రీకు, లాటిన్, రష్యన్ ముక్కలు కలిపి. చివర్లో ఎరి ఇటో పాడే పాట ఆ భాషలోనే ఉంటుంది. అర్థం తెలియకపోయినా నాకు ఇప్పటికీ పల్లవి నోటికొస్తుంది. మా ఆవిడ దాన్ని సంస్కృతం అనుకునేది.

ఇక అజెల్. ప్రాచీనులు తయారుచేసిన మనిషి ఆమె, పుట్టిన మనిషి కాదు. మొదట క్రేమెన్ చెప్పినట్టు వింటుంది, ఎందుకంటే ఎవరో ఒకరు చెప్పింది చెయ్యడానికే తను ఉన్నానని ఆమె నమ్మకం. అటోల్మ్ అనే తన డ్రాగన్‌ మీద వచ్చి ఎడ్జ్‌తో పోట్లాడుతుంది. ఉరు శిథిలాల్లో ఆ యుద్ధం మా చేత చెమటలు కక్కించింది. తర్వాత ఇద్దరూ శిథిలాల అడుగున చిక్కుకుపోతారు. కొట్లాట లేదు, గేజీలు లేవు, రాడార్ లేదు. చీకట్లో ఇద్దరు మాట్లాడుకుంటారు. అంతే. ఆ రోజుల్లో ఆటలన్నీ ఇలాంటి చోట వయొలిన్లు మోగించి కళ్ళనీళ్ళు పెట్టించేవి. వీళ్ళు ఆ పని చెయ్యలేదు. ఆమె ఏం చెయ్యడానికి పుట్టిందో ఆమెకి తెలుసు, ఏం చెయ్యాలనుందో తెలియదు. బెంచి మీదున్న ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళ మధ్య కూర్చుని ఆ దృశ్యం చూడటం నాకు వింతగా ఉండేది. మధ్యలో ఎవరో లేచి వంటింట్లో లైటు వేస్తే తమ్ముడు "బంద్ జెయ్యి!" అని కసిరాడు.

మూడు, నాలుగు డిస్కుల కథంతా ఇక్కడ చెప్పను. గోపురం, చక్రవర్తి ఓడ, క్రేమెన్ అనుకున్నంత దుర్మార్గుడు కాకపోవడం, అవన్నీ వరసగా జరిగిపోతాయి. నిజానికి మూడో డిస్కులో కాస్త తొందర కనిపిస్తుంది. కానీ ముగింపు చెప్పాలి. పాతికేళ్ళు దాటింది, ఇంకా దాచేదేముంది? ప్రాచీనుల వ్యవస్థ మొత్తాన్నీ నడిపేది సెస్ట్రెన్ అనే ఒక ప్రజ్ఞ, మా భాషలో ఆపరేటింగ్ సిస్టమ్ అనుకోండి. దాన్ని ఆపడానికి ఎడ్జ్ లోపలికెళతాడు. ఆటంతా ఎవరో "దివ్యాతిథి" అన్న మాట వింటుంటాం, ఎవరా అనుకుంటుంటాం. చివర్లో ఆ అతిథిని సూటిగా పిలుస్తారు. తెర ఆగుతుంది. ఎవరూ ఏమీ చెయ్యరు. కంట్రోలర్ పట్టుకున్నవాడు మీట నొక్కితేగాని ముందుకి పోదు.

తమ్ముడు నొక్కకుండా మావైపు చూశాడు. ముందు అర్థమైంది మాష్టారికే. "మననేనయ్యా పిలుస్తోంది! నొక్కు!"

నొక్కాడు. వ్యవస్థ ఆగింది. ఎడ్జ్ మళ్ళీ కనిపించడు. తర్వాత అజెల్ ఒక్కతే దారినపోయేవాళ్ళని అతని గురించి అడుగుతూ తిరుగుతుంటుంది.

1999 డిసెంబరు 31 రాత్రి మేం ముగ్గురం మూడు క్లయింట్ల దగ్గర డ్యూటీలో ఉన్నాం. ఏ మెషినూ ఆగలేదు. ఆ తర్వాత మా మీద అవసరం తీరింది, ఇల్లు ఖాళీ అయింది. మాష్టారు తెనాలి వెళ్ళిపోయారు. తమ్ముడు డాలస్‌కి మారాడు, సాటర్న్ వాడితోనే పోయింది.

ఆటని తయారుచేసిన వాళ్ళ పరిస్థితీ దాదాపు అంతే. సెగాలో టీమ్ ఆండ్రోమెడా అని ఒక జట్టు, దర్శకుడు యుకియో ఫుటత్సుగి. ఈ ఆటా, 1996లో వచ్చిన పాంజర్ డ్రాగూన్ ట్స్వై కూడా దాదాపు ఒకేసారి మొదలుపెట్టారు. రెండోది ముందే పూర్తయింది, ఇది ఇంకో రెండేళ్ళు తిన్నది. ఇది బయటికొచ్చాక జట్టు చెదిరిపోయింది. అదే ఏడాది నవంబరులో జపాన్‌లో సెగా కొత్త మెషిన్ డ్రీమ్‌కాస్ట్ వచ్చింది, సాటర్న్‌ని ఎవరూ తలుచుకోలేదు. ఇప్పుడు ఆ నాలుగు డిస్కుల పెట్టె అమెరికాలో వందల డాలర్లు, ఒక్కోసారి వెయ్యి దాటి పలుకుతుంది. తమ్ముడు అమ్మలేదు, అమ్మడు.

మళ్ళీ కొత్త మెషిన్ల మీద విడుదల చెయ్యొచ్చు కదా అని అందరూ అడిగారు. 2020లో మొదటి పాంజర్ డ్రాగూన్‌ని కొత్తగా చేసి విడుదల కూడా చేశారు. సాగా మాత్రం రాలేదు. ఎందుకని వెతికితే తెలిసిన కారణం చదివి నేను కుర్చీలో వెనక్కి వాలాను. సోర్స్ కోడ్ పోయిందట. డిస్కుల్లో ఆట ఉంది, నడుస్తుంది, లక్షణంగా నడుస్తుంది. రాసింది మాత్రం లేదు. లోడ్ మాడ్యూల్ ఉంది, సోర్స్ లేదు. ఆ వార్త మాష్టారికి ఫోన్లో చెబితే ఆయన చాలాసేపు నవ్వారు. "తవ్వకాల గురించి ఆట చేసి, వాళ్ళే తవ్వకాలకి పనికొచ్చారన్నమాట!"

పనికిరావడమంటే మాటవరసకి కాదు. కొందరు అభిమానులు ఆ డిస్కుల్లోని మెషిన్ కోడ్‌ని విప్పి, ఒక్కో ఫంక్షనూ ఏం చేస్తోందో కనిపెట్టి, మనిషి చదవగలిగే కోడ్‌గా మళ్ళీ రాసుకొస్తున్నారు. తమ్ముడు ఆ లింకు పంపాడు. తెరిచి చూశాను. చాలా ఫంక్షన్లకి ఇంకా పేర్లే లేవు, మెమరీ అడ్రసే పేరు. మా ఇన్సూరెన్సు ప్రోగ్రాముల్లో మేం చేసిన పని అచ్చంగా ఇదే, జీతం ఒక్కటే తేడా.

ఇక ఆ గొడవ సంగతి. ఎడ్జ్ మొదట్లో నీళ్ళలో పడ్డప్పుడే చచ్చిపోయాడని మాష్టారి వాదం. ఆ క్షణాన లోపలికి దూరింది దివ్యాతిథి, అంటే మనం. ఆటంతా నడిపింది మనమే, మనం వెళ్ళిపోగానే అతనికీ కథ లేదు. తమ్ముడు ఒప్పుకోడు. వాడి లెక్కన ఎడ్జ్ ఎక్కడో ఉన్నాడు, అజెల్ అతన్ని కలుసుకుంది. 2002లో ఎక్స్‌బాక్స్ మీద పాంజర్ డ్రాగూన్ ఓర్టా వచ్చి, అందులో అజెల్‌కి కూతురుందని తేలేసరికి వాడు అర్ధరాత్రి తెనాలికి ఫోన్ కొట్టి మరీ చెప్పాడు. "కూతురున్నంత మాత్రాన తండ్రి బతికున్నట్టు ఎలా అవుతుందయ్యా? నిరూపణ కాదది" అని మాష్టారు ఫోన్ పెట్టేశారు. నేను ఎటూ చెప్పను. కానీ ఆటలో ఆ మొదటి దృశ్యం మళ్ళీ చూసినప్పుడల్లా మాష్టారి వైపే మొగ్గుతాను.

మొన్న ముగ్గురం వాట్సాప్‌లో కలిసినప్పుడు తమ్ముడు ఈ అభిమానుల కోడ్ గురించి ఎత్తాడు. "మొత్తం ఇప్పుతున్నరు సార్, ఎడ్జ్ బతికిండో లేదో గండ్లనే దొరుకుతది" అన్నాడు. మాష్టారికి ఇప్పుడు డెబ్బై దాటింది, చెవులు కాస్త మందం. రెండుసార్లు చెప్పించుకుని, "ఎంతవరకు వచ్చింది?" అన్నారు. ఇంకా సగం కూడా కాలేదన్నాం.

"అయితే సోర్స్ పూర్తిగా దొరికాక ఫోన్ చెయ్యండి. అందాకా వాడు పోయినట్టే లెక్క."